పీట లేచిన వీపు

ఆ ఏడు రెండో పంట దాళ్వాకి కాలవల్లో నీళ్ళొదిలారు. వదలకపోయి ఉంటే రైతులు మినుము చల్లుకుని ఊరుకునేవాళ్ళు. వేసవిలో గుడివాడ మిల్లులకి అంత ధాన్యం వచ్చేది కాదు. నేనూ ఎప్పట్లాగే తలొంచుకుని బస్తా కింద బతికేసేవాణ్ణి. కాలవలో నీళ్ళకీ నీ వీపుకీ సంబంధం ఏంటయ్యా అని మా ఆవిడ రాజకుమారి ఇప్పటికీ దెప్పుతూ ఉంటుంది. నాకు మాత్రం ఆ వేసవి ఎక్కడ మొదలైందని ఎవరడిగినా, లాకులు ఎత్తిన రోజే గుర్తొస్తుంది.

నేను రైసు మిల్లు ముఠాలో హమాలీని. లారీల మీంచి ధాన్యం బస్తాలు దించడం, గోడౌన్లో వరస మీద వరస పేర్చి నెట్టు కట్టడం, బియ్యం బస్తాలు మళ్ళీ లారీకెక్కించడం మా పని. ఆరో తరగతిలో లెక్కల మాస్టారు బెంచీ ఎక్కిస్తే, దిగి బయటికి నడిచినవాణ్ణి మళ్ళీ బడి మొహం చూడలేదు. మా నాన్న కొట్టలేదు, తిట్టలేదు. మర్నాడు తనకున్నలాంటి గోనెసంచి టోపీ ఒకటి నా నెత్తికి సరిపోయేట్టు కుట్టి ఇచ్చాడు. అంతే నా చదువు.

మా ముఠాలో ఒక నమ్మకం ఉంది. ఏళ్ళ తరబడి బరువు మోసినవాడికి కుడి పక్క వీపు పలక చర్మం కిందనించి పైకి పొడుచుకొస్తుంది. దాన్ని మేం పీట అంటాం. పీట లేచిందంటే బస్తా కూర్చోడానికి వీపే చోటిచ్చిందని అర్థం. పీట లేచినవాడు ముఠాలో ముందు నడుస్తాడు. లారీ మీద పై వరస అతనిది. కొత్తగా చేరినవాళ్ళు పంపు దగ్గర స్నానాలు చేస్తూ ఒకళ్ళ వీపు ఒకళ్ళు తడిమి చూసుకునేవాళ్ళు, లేస్తోందా లేదా అని. అందరిలోకీ నాది పెద్ద పీట. మా మేస్త్రీ పిచ్చేశ్వరరావు, మిల్లుకి ఎవరైనా పెద్దమనుషులొస్తే నా చొక్కా విప్పించి గోడ వైపు తిప్పి చూపించేవాడు, సంతలో ఎద్దుని చూపించినట్టు.

ఎవరికీ తెలియనిదొకటి ఉంది. ఆ పీట లేచినప్పటినించీ నా కుడి చెయ్యి చెవి దాటి పైకి పోవట్లేదు. నొప్పి కాదు. నొప్పైతే ఓర్చుకోవచ్చు. చెయ్యి అక్కడిదాకా వెళ్ళి, ఇంక దారి లేనట్టు ఆగిపోతుంది. బస్తా చెవి ఎడం చేత్తో పట్టుకోవడం అలవాటు చేసుకున్నాను. పై వరసకి బస్తా విసరాల్సి వస్తే చేత్తో విసరకుండా నడుం విరిచి వీపు మీంచే జార్చేసేవాణ్ణి. అది నా పనితనం అనుకుని కుర్రాళ్ళు నేర్చుకునేవాళ్ళు కూడా. నవ్వొచ్చేది. భయమూ వేసేది. మా ముఠాలో చెయ్యి పడిపోయినవాడి చేతికి సూది ఇస్తారు. గోనెసంచుల మూతులు కుట్టడం, కింద రాలిన గింజలు ఊడవడం, సగం వాటా. ఆ ఖాళీ అయిన చోటు అదే సాయంత్రానికి ఇంకొకడికి ఇచ్చేస్తారు. తర్వాత చెయ్యి బాగుపడినా ఆ చోటు రాదు. అలా సూదికి దిగి గోడౌను మూల కూర్చున్న మనుషుల్ని చాలామందిని చూశాను. వాళ్ళతో ఎవరూ సరిగ్గా మాట్లాడరు. నేనూ మాట్లాడలేదు.

మా అమ్మాయి కెజియా అప్పుడు బందరులో ఫిజియోథెరపీ చదువుతోంది. రోజూ పొద్దున్న ప్యాసింజరుకి వెళ్ళి సాయంత్రం వస్తుంది. ఇంట్లో దాని చదువుకి వాళ్ళమ్మే పలక. రాజకుమారి ఉల్లిపాయలు తరుగుతుంటే ఇది పక్కన కూర్చుని ఆమె మోచెయ్యి మడిచి, చాపి, ఏ కండ బిగుస్తోందో, ఏది వదులవుతోందో వేలు పెట్టి చూస్తూ ఇంగ్లీషు పేర్లు వల్లించేది.

“నా చెయ్యి నాకిచ్చెయ్యవే తల్లీ, కూర మాడిపోతోంది” అనేది రాజకుమారి.

మనిషి చెయ్యెత్తాడంటే ఎత్తింది ఒక్క చెయ్యి కాదనీ, వెనక పలక తిరగాలనీ, దాన్ని తిప్పడానికి మూడు నాలుగు కండలు ఒకదానికొకటి సాయం పట్టాలనీ చెప్పేది. మీ ముఠాలో నెట్టు కట్టినట్టే నాన్నా, ఒకడు వదిలేస్తే మిగతావాళ్ళ మీద పడుతుంది అనేది. నేను విననట్టు బీడీ కాల్చుకునేవాణ్ణి. ఒకరోజు పెరట్లో నేను చొక్కా ఉతికి తీగ మీద ఆరేస్తుంటే వెనక నిలబడి, ఆ చొక్కా కుడి చేత్తో వెయ్యి నాన్నా అంది. ఎందుకన్నాను. ఊరికే అంది. నీ పని చూసుకోమని కసిరి లోపలికొచ్చేశాను. అది తీగ వైపే చూస్తూ అక్కడే నిలబడింది.

ఆ వారమే ఒకరోజు భోజనాల దగ్గర ఆ మాట తెచ్చింది. వాళ్ళ విక్రమ్ సార్‌కి క్లాసులో చూపించడానికి కండ బాగా తెలిసే మనిషి కావాలట. క్లాసులో ఉన్నవన్నీ కూర్చుని తినే ఒళ్ళేనట, వేలు పెడితే కండకి ముందు కొవ్వు తగులుతోందట. నువ్వొస్తావా అంది.

“నేనేమన్నా గేదెనా, కట్టేసి చూపించడానికి?”

“మేస్త్రీ చూపిస్తే మాత్రం మాట్లాడకుండా నిలబడతావుగా” అంది రాజకుమారి, చారు వడ్డిస్తూ.

సరే అన్నాను. ఒక్క షరతు పెట్టాను: నేను నీ తండ్రినని అక్కడ ఎవరికీ చెప్పకూడదు. నాకేం సిగ్గు లేదు నాన్నా అంది. నాకుంది అన్నాను.

గౌస్‌కి చెప్పడం నా తెలివితక్కువ. గౌస్ నా జతగాడు. ముఠాలో చేరిన నాటినించీ నా వీపుకి బస్తా ఎత్తేది అతనే, అతని వీపుకి ఎత్తేది నేనే. బావా అంటే బావా అనుకుంటాం. మా బావ కాలేజీకి పాఠం చెప్పడానికి వెళ్తున్నాడు అని మిల్లంతా చాటాడు. మేస్త్రీ చెవిన పడింది. మిల్లులో బాయిలరు కడగడానికి పని ఆపే రోజే కదా వెళ్తున్నావు, నేనూ వస్తాను, మా ముఠా మనిషిని వాళ్ళేం చేస్తారో చూడాలి, ఫోటోలు కూడా తీస్తారట అన్నాడు. కాదనడానికి నేనెవర్ని?

ఆ రోజు స్టేషన్లో మేస్త్రీ ఇస్త్రీ చొక్కా వేసుకుని, సెంటు కొట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంటే, ఆయన్ని చూడగానే కెజియా మొహంలో రక్తం దిగిపోయింది. రైల్లో ఆయన మాకెదురుగా కూర్చుని, పక్కనున్న వాళ్ళకి నా పీట గురించి చెప్పడం మొదలెట్టాడు. గుడ్లవల్లేరు దాటింది, కవుతరం దాటింది. అది కిటికీలోంచి బయటికి చూస్తూ గోళ్ళు కొరుక్కుంటోంది. పెడనలో అద్దకం గుడ్డల మూటలతో జనం ఎక్కేటప్పటికి ఆ సందట్లో నా చెవి దగ్గరకొచ్చింది.

“నాన్నా, వద్దు. బందరులో దిగి ఇటునించిటే వెళ్ళిపోదాం. నీకు ఒంట్లో బాగోలేదని సార్‌కి చెప్తాను.”

నాకు ఒళ్ళు మండింది. మేస్త్రీని చూసి, ఆయన మోటు మాటలు విని, ఈ జనం నా వాళ్ళని క్లాసులో తెలిసిపోతుందని భయపడుతోంది అనుకున్నాను.

“నిన్నెవరూ గుర్తుపట్టర్లే. నేనూ నీ వంక చూడను” అన్నాను.

అది ఇంకేదో అనబోయి, మేస్త్రీ ఇటు తిరిగితే నోరు మూసుకుంది.

క్లాసంటే బెంచీలుంటాయనుకున్నాను. హాలు. ఒక పక్క గోడంతా నిలువుటద్దం. నన్ను మధ్యలో నిలబెట్టి చొక్కా విప్పమన్నారు. మేస్త్రీకి కుర్చీ వేశారు. ఆడపిల్లలూ మగపిల్లలూ చుట్టూ చేరారు. రంగు పెన్నులతో నా వీపు మీద గీతలు గీశారు, మెడ దగ్గరనించి భుజందాకా ఎర్రగీత, నడుం పక్కనించి చంక కిందికి నీలిగీత. సారీ అంకుల్, చక్కిలిగింత పెడుతోందా అని ఒకమ్మాయి అడిగింది. ఇన్నేళ్ళూ బస్తా తప్ప ఇంకేదీ తగలని వీపు. ఏం చెప్పను? కెజియా అందరికన్నా వెనక నిలబడింది. అద్దంలో కనపడుతోంది. మాట ప్రకారం నేను చూడలేదు, అంటే చూడనట్టు చూశాను.

విక్రమ్ సార్ చిన్న వయసు మనిషి. మాట మెత్తన. రెండు చేతులూ పైకెత్తమన్నాడు. నేను నా పద్ధతిలో నడుం కొంచెం విరిచి, ఒళ్ళు ఎడం పక్కకి వాల్చి ఎత్తాను. మిల్లులో ఎవరూ ఎన్నడూ పట్టుకోలేదు. ఆయన చూశాడు. గోడ దగ్గరికి రండి, అరచేతులు గోడకి ఆనించి నెట్టండి అన్నాడు. నెట్టాను. నా కుడి పలక పైకి లేచింది, పిల్లలంతా ముందుకి జరిగారు.

“అదేనండీ పీట” అన్నాడు మేస్త్రీ కుర్చీలోంచి, గర్వంగా. “గుడివాడ మొత్తం గాలించినా ఇంత పీట దొరకదు.”

విక్రమ్ సార్ ఆయన వైపు ఒకసారి చూసి, పిల్లల వైపు తిరిగి, ఇదేంటో ఎవరు చెప్తారు అన్నాడు. కెజియా, నువ్వు రా అన్నాడు.

వచ్చింది. నన్ను అద్దానికి పక్కగా తిప్పింది. దాని అరచెయ్యి నా కుడి పలక మీద ఆనింది. పలకని పక్కటెముకలకేసి గట్టిగా అదిమి పట్టుకుని, “చెయ్యెత్తండి” అంది, బయటివాళ్ళతో అన్నట్టు.

ఎత్తాను. చెవి దగ్గర ఆగాల్సిన చెయ్యి ఆగలేదు. నడుం విరవకుండానే పైకి, ఇంకా పైకి పోయింది. అద్దంలో చూస్తే నా వేళ్ళు నా తలకి పైన ఉన్నాయి, ఫ్యాను వైపు చాచినట్టు. ఎన్నాళ్ళకో చూశాను వాటినక్కడ.

“చూశారా మరి” అన్నాడు మేస్త్రీ.

“ఇప్పుడు నీ చెయ్యి తియ్యి” అన్నాడు విక్రమ్ సార్.

అది తియ్యలేదు. అద్దంలో మేస్త్రీని చూసింది, తర్వాత నన్ను చూసింది. నాకప్పటికి అర్థమైంది, దాని చెయ్యి తీస్తే ఏమవుతుందో. తియ్యొద్దని కళ్ళతోనే చెప్పాను. అంత బతిమాలడం నేను జీవితంలో ఎవర్నీ బతిమాలలేదు.

తీసేసింది.

నా చెయ్యి కిందికి దిగిపోయింది, దాని మానాన అదే.

“పలకని పక్కటెముకలకి పట్టి ఉంచే కండ పని చెయ్యట్లేదు సార్. మెడలోంచి దానికొచ్చే నరం నలిగిపోయింది. బస్తా సరిగ్గా ఆ నరం మీదే కూర్చుంటుంది.” అంది కెజియా. “ఈ భుజం మీద ఇంక బరువు పడకూడదు.”

“బస్తా సరిగ్గా అక్కడే కూర్చుంటుందని నీకెలా తెలుసు?” అన్నాడు సార్.

“మా నాన్న సార్.”

మేస్త్రీ కుర్చీలోంచి లేచి, చొక్కా మడతలు సర్దుకుని, బయటికి నడిచాడు.

తిరుగు రైలుకి ఆయన రాలేదు, బస్సెక్కాడో ఏమో. బందరు ప్లాట్‌ఫారం మీద సిమెంటు బల్ల మీద మేమిద్దరం ఎడంగా కూర్చున్నాం. చొక్కా లోపల రంగు గీతలు చెమటకి చిరచిరలాడుతున్నాయి. అప్పుడు చెప్పింది. చొక్కా ఆరేసిన రోజే అనుమానపడిందట. ఆస్పత్రికి రమ్మంటే రానని తెలుసు కాబట్టి, క్లాసు పేరు చెప్పి సార్‌కి చూపిద్దామనుకుందట.

“మేస్త్రీ గారొస్తారని నాకేం తెలుసు నాన్నా? అందుకే రైల్లో వద్దన్నాను.”

“నీ చెయ్యి ఇంకాసేపు అలాగే ఉంచితే నీ సొమ్మేం పోయేది?”

“నీ చెయ్యి పోయేది.”

“పోతే పోయేది. చోటుండేది.” లేచి నిలబడ్డాను. “ఇంక నాతో మాట్లాడకు.”

మర్నాడు పొద్దున్న మేస్త్రీ అందరి ముందూ నా చేతిలో సూది పెట్టాడు. నువ్వు పనికిరావని నేనన్లేదు దేవదానం, చదువుకున్నవాళ్ళే అన్నారు, అదీ మీ అమ్మాయే అన్నాడు. నా చోట్లోకి తన మేనల్లుణ్ణి దింపాడు. గౌస్ ఆ మేనల్లుడి వీపుకి బస్తా ఎత్తుతూ నా వైపు చూడలేదు. గోడౌను మూల కూర్చుని పురికొస ఎక్కించి కుట్టడం మొదలెట్టాను. ఊడుస్తున్నప్పుడు నా పక్కనించి వెళ్ళేవాళ్ళు కాళ్ళు ఎత్తి దాటేవాళ్ళు, చీపురు తగలకుండా.

ఇంట్లో అంతకన్నా ఘోరం. పొద్దున్నే కెజియా బ్యాగు తగిలించుకుని, వంటింటి గోడ పక్కన నిలబడి నా కోసం చూసేది. నరం మళ్ళీ చిగురించొచ్చట, ఏడాదైనా పట్టొచ్చట. ఈలోగా గోడకి చేతులానించి మెల్లగా నెడుతూ ఉండాలట, వెనక ఒకళ్ళు పలకని పట్టి ఉంచాలట. ఇదంతా నాతో చెప్పలేదు, వాళ్ళమ్మతో చెప్పింది.

“మీ నాన్న అక్కడే ఉన్నాడుగా, నువ్వే చెప్పు. నేనేమన్నా పోస్టాఫీసునా?” అనేది రాజకుమారి. కాసేపటికి నా దగ్గరకొచ్చి, గోడ దగ్గర నిలబడాలంటయ్యా అని చెప్పేది.

నేను మంచం మీంచి కదిలేవాణ్ణి కాదు. అది కాసేపు చూసి, రైలు టైమయ్యేసరికి వెళ్ళిపోయేది. మర్నాడు మళ్ళీ నిలబడేది. మొండితనం ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పక్కర్లేదు.

మే నెల సగానికొచ్చింది. దివిసీమ కోతలన్నీ ఒక్కసారే పడ్డాయి. సముద్రంలో వాయుగుండం ఉందన్నారు. అవనిగడ్డ వైపునించి ధాన్యం లారీలు పామర్రు రోడ్డు పొడుగునా నిలబడిపోయాయి, తడిస్తే మొలకెత్తుతుందని రైతులు లారీల మీదే పట్టాలు పట్టుకుని కూర్చున్నారు. సరిగ్గా అప్పుడే మిల్లు ఓనరు, బస్తాలు మోసే బెల్టు మిషను తెప్పిస్తున్నానని మేస్త్రీతో చెప్పాడు. అదొస్తే సగం మంది చాలు. మిగతా సగాన్ని గొడవ లేకుండా నువ్వే తగ్గించుకో అన్నాడట.

మేస్త్రీ ఆ మధ్యాహ్నం నేను సూదితో కూర్చున్నచోటికొచ్చి గొంతుక్కూర్చున్నాడు. ఇన్నాళ్ళలో మొదటిసారి.

“దేవదానం, ఆ గోడ పరీక్ష నీకు తెలుసు కదయ్యా. అందర్నీ నిలబెడతాను, ఎవరి నరం పోయిందో నువ్వు చూసి చెప్పు. చదువుకున్నవాళ్ళ లెక్క ప్రకారం తీసేశామంటే ఎవడూ నోరెత్తడు. నువ్వింక సూది పట్టుకోనక్కర్లేదు. లారీల దగ్గర నాకు తోడుగా నిలబడి అజమాయిషీ చూసుకో. పూర్తి వాటా. నీ చోటు నీకొచ్చినట్టే.”

ఒద్దని అన్లేదు నేను. ఉన్నదున్నట్టు చెప్తున్నాను. సూది గోనెకి గుచ్చి లేచాను.

ఆకాశం నల్లబడి గాలి మొదలైంది. ముఠా అంతా చొక్కాలు విప్పి, గోడౌను బయటి గోడకి చేతులానించి వరసగా నిలబడ్డారు. ఎందుకో వాళ్ళకి తెలుసు. ఎవరూ జోకులెయ్యట్లేదు. వెనక లారీల డ్రైవర్లు హారన్లు కొడుతున్నారు. వరసలో మొదటివాడు గౌస్.

నెట్టు అన్నాను. నెట్టాడు. అతని కుడి పలక చర్మాన్ని చీల్చుకొచ్చేట్టు పైకి లేచింది, అచ్చం నాదే. ఇన్నేళ్ళూ ఆ వీపు మీద నా చేతులతో బస్తాలు పెట్టాను. కనపడలేదు. కనపడినా పీట అనుకున్నాను, లేస్తోంది బావా అని వెనక తట్టాను కూడా.

“నాది బానే ఉందిగా బావా?” అన్నాడు గౌస్, గోడతో చెప్పినట్టు మెల్లగా.

నాకు తెలియకుండానే నా ఎడమ అరచెయ్యి వెళ్ళి అతని పలక మీద ఆనింది. అదిమి పట్టుకున్నాను. చెయ్యెత్తు అన్నాను. ఎత్తాడు. చెయ్యి నిటారుగా పైకి పోయింది.

“గౌస్‌ది బాగుందన్నమాట” అన్నాడు మేస్త్రీ నా వెనకనించి. “తర్వాతోణ్ణి చూడు.”

తర్వాతవాడి దగ్గరికి వెళ్ళాలంటే చెయ్యి తియ్యాలి. అది రావట్లేదు. అలా పట్టుకుని ఉన్నంతసేపూ గౌస్ చోటు గౌస్‌దే. తీస్తే సూది. తియ్యకపోతే రేపు మళ్ళీ ఆ మెడ మీదే బస్తా, ఎల్లుండి మళ్ళీ, చెయ్యి చొక్కా తొడుక్కోడానిక్కూడా లేవనంతవరకూ. నా అరచెయ్యి అతని వీపు మీద వణకడం మొదలెట్టింది. అప్పుడు గుర్తొచ్చింది, ఆ రోజు అద్దం ముందు నా వీపు మీద కూడా ఏదో వణికింది. నా ఒళ్ళే వణికిందనుకున్నాను ఇన్నాళ్ళూ.

చెయ్యి తీసేశాను. గౌస్ చెయ్యి కిందికొచ్చేసింది.

“గౌస్‌కి పోయింది” అన్నాను.

గౌస్ తల తిప్పి నన్ను చూశాడు. ఆ చూపు నాకు కొత్త కాదు, ఆ రోజు అద్దంలో కెజియాని నేను చూసిన చూపే. నేను రెండోవాడి దగ్గరికి వెళ్ళాను. మేస్త్రీ మేనల్లుడు. అతని వీపుకీ పీటకీ సంబంధమే లేదు, చదునుగా ఉంది. కాసేపు నొక్కి చూశాను, విక్రమ్ సార్‌లాగా తల పంకించాను.

“ఇతనికీ పోయింది.”

“వాడొచ్చి ఎన్నాళ్ళయిందయ్యా?” అన్నాడు మేస్త్రీ.

“లేత ఒళ్ళు కదండీ. ముందు వాళ్ళకే పట్టుద్ది.”

వరసలో ఎవడో దగ్గాడు, నవ్వు ఆపుకోడానికి. మూడోవాడికి పోయింది. నాలుగోవాడికి పోయింది. చివరిదాకా నడిచి అందరి వీపులూ తడిమి వెనక్కొచ్చాను.

“అందరికీ పోయింది మేస్త్రీ గారూ. చదువుకున్నవాళ్ళ లెక్క ప్రకారం ఈ ముఠాలో ఒక్కడు కూడా బస్తా ఎత్తకూడదు. మీరు కూడా ఓసారి గోడ నెట్టండి. మీరూ మోసినవాళ్ళేగా.”

ఆయన చెయ్యి చొక్కా పై గుండీ మీదకి వెళ్ళింది. అక్కడే ఆగింది. వరసంతా గోడ మీంచి చేతులు తీసి ఇటు తిరిగింది. రోడ్డు మీద రైతు ఎవరో, చినుకు పడుతోంది బాబూ, దింపండి బాబూ అని అరుస్తున్నాడు. మేస్త్రీ అందర్నీ ఒకసారి కలియజూశాడు. చొక్కా విప్పలేదు.

“లారీ దింపండి” అన్నాడు నేల చూస్తూ.

గోనె టోపీలు నెత్తిన పడ్డాయి. గౌస్ కూడా తన టోపీ అందుకోబోతే భుజం పట్టుకుని ఆపాను.

“నిజంగా పోయిందా బావా?”

“నీకు నిజం. వాళ్ళకి అబద్ధం.” నా సూది అతని చేతిలో పెట్టాను. “ఇవాళ ఇది పట్టుకో. రేపు మా అమ్మాయి దగ్గరికి తీసుకెళ్తా.”

మిగతావాళ్ళకి చెప్పక్కర్లేకుండానే అర్థమైంది. గౌస్ ఒక్కణ్ణే సూదికి దింపాలంటే అందర్నీ దింపాలి. ఆ రోజునించీ సూది వంతులవారీ అయింది. ఇవాళ కుట్టినవాడు రేపు మోస్తాడు, వాటా ఒక్కటే, కుడి మెడ మీద మోసినవాడు మర్నాడు ఎడం మెడకి మార్చుకుంటాడు. గౌస్‌నీ నన్నూ మాత్రం మొయ్యనివ్వలేదు, మా వంతు కూడా వాళ్ళే లాగారు. బెల్టు మిషను రాలేదా అంటే వచ్చింది. దాళ్వా ధాన్యం అయిపోగానే వచ్చింది, ముఠా చిన్నదీ అయింది. మేనల్లుడే ముందు మానేశాడు, ఆ బతుకు తన వల్ల కాదని. కానీ గోడ పేరు చెప్పి ఎవర్నీ తియ్యలేకపోయాడు మేస్త్రీ. అజమాయిషీ ఉద్యోగం మాట మళ్ళీ ఎత్తనూ లేదు, నేను అడగనూ లేదు.

ఆ సాయంత్రం లారీలు దింపడం అయ్యేసరికి వాన గట్టిపడింది. తడిసి ఇంటికొచ్చాను. రాజకుమారి తువ్వాలు ఇస్తే తుడుచుకుని, చొక్కా వేసుకోకుండా వంటింటి గోడ దగ్గరికి వెళ్ళాను. అరచేతులు గోడకి ఆనించాను. నెట్టాను. వెనక పలక లేచిపోతోందని చూడకుండానే తెలుస్తోంది. రాజకుమారి పొయ్యి దగ్గర్నించి చూసి, పోపు వేసుకుంటోంది. కాళ్ళు పీకుతున్నా అలాగే నిలబడ్డాను. ఆ పూట బందరు రైలు ఆలస్యం.

గేటు చప్పుడైంది. కెజియా లోపలికొచ్చి, గుమ్మంలో చెప్పులు విడుస్తూ నన్ను చూసి ఆగిపోయింది. బ్యాగు భుజానే ఉంది, జడ కొసనించి నీళ్ళు కారుతున్నాయి.

నేను గోడ వైపే తిరిగి ఉన్నాను.

“చెయ్యి పెట్టమ్మా” అన్నాను.

బ్యాగు కింద పెట్టిన చప్పుడు వినపడింది. వానలో తడిసొచ్చిన అరచెయ్యి నా వీపుకి చల్లగా తగిలింది. ఈసారి వణకలేదు.